ఆ రోజు వద్దని చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తున్నాను. తీరిక చూసుకోని కడదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదివినాకే తిట్టండి.

పోయిన నెల కార్యవర్గం కూర్చున్నప్పుడు ఒకామె వచ్చి మనల్ని ఒక సాయం అడిగింది. కేసుల్లో ఇరుక్కున్న పిల్లల కోసం పనిచేసే మనిషి. "శనివారం సాయంత్రం రెండు గంటలు మీ హాలు ఇయ్యండి సార్. బోర్డు వాళ్ళు మంచి నడవడిక షరతు మీద ఇంటికి పంపిన పిల్లోళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాల. బాడిగ ఎంతో చెప్తే కడతాం" అనింది. ఆమెను బయట కూర్చోమని మనం పది నిమిషాలు మాట్లాడుకున్నాం. హాల్లో ఆడపిల్లలు డాన్సు నేర్చుకుంటారు అని ఒకరు. పోలీసులు వచ్చి పోతుంటే సంఘం పేరేమవుతుంది అని ఒకరు. దొంగలందరినీ ఒకచోట చేరిస్తే ఇంకా పెద్ద దొంగలవుతారు అని ఇంకొకరు. ఓటు పెట్టినారు. పదమూడు మందిలో పదకొండు మంది వద్దని చెయ్యెత్తినారు. ఆ పదకొండులో నేనొకణ్ణి.

ఆమెను లోపలికి పిలిచి చెప్పినాం. "పర్వాలేదు సార్, ఇంకెవరైనా ఇచ్చేవాళ్ళు తెలిస్తే చెప్పండి" అని దండం పెట్టి పోయింది.

ఇంటికి వచ్చి మా ఇంటామెకి ఈ సంగతి చెప్పినాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతా తలెత్తకుండానే అడిగింది: "ఆ పార్సిల్ ఆఫీసు పిల్లోడు గుర్తుకు రాలేదా మీకు?"

గుర్తుకు రాలేదు. అదే నన్ను కష్టపెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

చాలా ఏండ్ల కిందట నేను పార్సిల్ గుమాస్తాగా ఉన్న ఒక స్టేషన్లో జరిగింది. ఊరి పేరు అక్కరలేదు. మామిడికాయల కాలం. ఫ్లాట్‌ఫారం మీద గంపలు వరసగా పెట్టి ఉన్నాయి. పదమూడు పద్నాలుగేండ్ల పిల్లోణ్ణి కూలీ ఒకతను రెక్క పట్టుకోని లాక్కొచ్చినాడు. పిల్లోడి సంచిలో నాలుగు మామిడికాయలు, ఇంకో మూట విప్పి తీసిన చొక్కా గుడ్డ ఒకటి. విచారించను వచ్చినాయన తమిళంలో పేరడిగినాడు, ఊరడిగినాడు, ఎందుకు తీసినావని అడిగినాడు. పిల్లోడు నోరు తెరవలేదు. "తిమిరు చూడు వీనికి" అని రెండు పడినాయి. అప్పుడూ తెరవలేదు. ఫిర్యాదు రాసింది నేను. నా తమిళం చేతిరాత బాగుంటుందని ఆఫీసులో అందరూ నా చేతనే రాయించుకునేవాళ్ళు. అడిగినదానికి జవాబు చెప్పలేదు అని కూడా ఒక వాక్యం చేర్చినాను. ఎవరూ చేర్చమనలేదు.

తీసకపోయే ముందు నీళ్ళిచ్చి, ఊరికే, "ఏ ఊరు నాయనా?" అన్నాను తెలుగులో. అంతే, భోరుమని ఏడ్చినాడు. కుప్పం పక్క పల్లె. ఎవరో బేకరీలో పని అని తీసుకొచ్చినారు. రెండు నెలలు జీతం ఇయ్యలేదు. ఇంటికి పోవాలంటే ఒట్టిచేతులతో ఎట్ల పోయేదని ఆ గుడ్డ తీసినాడు. మామిడికాయలు ఆకలికి. అన్నీ చెప్పినాడు, గుక్క తిప్పుకోకుండా. కాగితం మీద అప్పటికే సంతకాలైపోయినాయి. నేను చింపి ఇంకోటి రాసి ఉండొచ్చు. రాయలేదు. ఆ పిల్లోడు ఏమైనాడో నాకు తెలీదు.

వాడు ఎందుకు నోరు తెరవలేదో నాకు తెలియాల్సింది, అందరికంటే నాకే. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి తెలీదు. బడి తమిళం. ఒకరోజు ఆలస్యంగా పోతే అయ్యవారు కారణం అడిగినాడు. మా ఆవు ఈనింది, అందుకే ఆలస్యం. ఈనింది అనే మాట తమిళంలో ఎట్ల చెప్పాలో తెలీలేదు. గమ్మున నిలబడినాను. పొగరని అరచేతుల మీద నాలుగు కొట్టినాడు. భాష రాక ఊరుకున్నవాణ్ణి చూస్తే పొగరుబోతు మాదిరే ఉంటాడు. అది తెలిసినవాణ్ణే, నలభై ఏండ్ల వయసులో అదే మాట ఇంకో పిల్లోడి మీద రాసిపెట్టినాను.

ఇంక చట్టం సంగతికి వస్తాను. ఆమె అడిగింది కనికరం అనుకున్నాం. కాదు. చట్టంలో ఉన్నదే అడిగింది.

పిల్లల న్యాయ చట్టం 2015లో వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేండ్లు నిండని వాళ్ళ కేసు మామూలు కోర్టుకు పోదు, పిల్లల న్యాయ బోర్డుకు పోతుంది. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాల. పట్టుకున్న పిల్లోణ్ణి 24 గంటల్లో బోర్డు ముందర నిలపాల, లాకప్పులో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. ఇంటి పరిస్థితి ఏమి, బడి మానిందెందుకు అని ప్రొబేషన్ అధికారి విచారించి రెండు వారాల్లో నివేదిక ఇయ్యాల. మన పక్క ఆ అధికారిని తమిళంలో నన్నడత్తై అలువలర్ అంటారు. నన్నడత్తై అంటే మంచి నడవడిక. పేరులోనే పని ఉంది.

తప్పు చేసినాడని తేలినాక బోర్డు ఏమేమి చెయ్యొచ్చో 18వ సెక్షన్లో వరసగా ఉంది. బుద్ధి చెప్పి ఇంటికి పంపొచ్చు. గ్రూప్ కౌన్సెలింగుకు పొమ్మని ఉత్తర్వు ఇయ్యొచ్చు. సమాజసేవ చేయించొచ్చు. జరిమానా వేయొచ్చు. అమ్మానాన్నల దగ్గరో, బాధ్యత తీసుకునే ఇంకొకరి దగ్గరో మూడేండ్ల దాకా మంచి నడవడిక షరతు మీద ఉంచొచ్చు. ప్రత్యేక గృహానికి పంపడం అన్నిటికన్నా చివర వచ్చేది. గ్రూప్ కౌన్సెలింగు రెండోది. చట్టం రెండో మెట్టు మీద పెట్టినదానికి మన ఊర్లో ఒక గది దొరకలేదు, రెండు గంటలు దొరకలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన అనుకోవద్దు. దేశంలో పిల్లల కోసం మొట్టమొదట ఇట్లాంటి చట్టం తెచ్చింది మద్రాసు రాజధానే, 1920లో. మన హోసూరు అప్పుడు సేలం జిల్లాలో తాలూకా. అంటే నూరేండ్ల కిందటే ఈ మాట మన ఊరికి వచ్చేసింది. 1958 ప్రొబేషన్ చట్టం కూడా, 21 ఏండ్లు నిండనివాణ్ణి, యావజ్జీవం పడేంత నేరమైతే తప్ప, తగిన కారణం రాసిపెట్టకుండా జైలుకు పంపొద్దని చెప్తుంది.

ఇండ్లకు పంపకుండా గృహాల్లో పెడితే ఏమవుతుంది? అన్ని గృహాలూ ఒకటే అనను. కానీ 2022 డిసెంబరు ఆఖర్లో చెంగల్పట్టులో జరిగింది రైల్వేలో పనిచేసినవాడెవడూ మరిచిపోడు. తాంబరం పక్క రైల్వే బ్యాటరీ దొంగిలించినాడని పదిహేడేండ్ల పిల్లోణ్ణి పట్టుకోని అక్కడి గవర్నమెంటు గృహంలో పెట్టినారు. రెండు మూడు రోజులకే చనిపోయినాడు. కొట్టినారని అక్కడి సిబ్బందినే అరెస్టు చేసినారు. తర్వాత రాష్ట్రంలో ఇట్లాంటి గృహాలన్నీ ఎట్ల నడుస్తున్నాయో చూడమని గవర్నమెంటు రిటైర్డు జడ్జి చంద్రు గారిని ఏకసభ్య కమిటీగా వేసింది. 2023లో ఆయన నివేదిక ఇచ్చినారు. ఒక బ్యాటరీ. మా డిపార్టుమెంటులో అట్లాంటివి ఎన్ని తుప్పు పట్టి పోయినాయో నేను చూసినాను.

ఇంక, గుండ్రంగా కూర్చోని మాట్లాడితే ఏమొస్తుంది అని మనలో ఒకరు నవ్వినారు. నేనూ నవ్వినాను. తర్వాత ఆమెకు ఫోన్ చేసి అడిగినాను, మా మనవరాలి చేత కొన్ని చదివించుకున్నాను. నాకు అర్థమైనంత చెప్తాను.

ఇది ఉపన్యాసం కాదు. మంచిగా బతకాల, అమ్మానాన్నలకు పేరు తేవాల అని చెప్పేది కాదు. అది వాళ్ళు పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నారు. ఎనిమిది, పది మంది, వాళ్ళతో తర్ఫీదు పొందిన పెద్దమనిషి ఒకరు. ఆ రోజు ఏమి జరిగింది, నీకు కోపం ఎప్పుడు వచ్చింది, వచ్చినప్పుడు ఒంట్లో ఏమైంది, చెయ్యెత్తే ముందు మనసులో ఏమనుకున్నావు, పోగొట్టుకున్నవాడు ఇంటికి పోయి ఏమి చెప్పి ఉంటాడు. ఒకడు చెప్తుంటే ఇంకొకడికి నాకూ ఇంతే కదా అనిపిస్తుంది. పెద్దవాళ్ళం మనం చెప్తే ఎక్కని మాట, తన ఈడువాడు చెప్తే ఎక్కుతుంది.

అమెరికాలో చికాగో ఊర్లో బడి పిల్లోళ్ళతో వారం వారం ఇట్లాగే కూర్చుంటారు. మొదట్లో ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరిద్దర్ని జత చేసి ఒకడి చేతికి బంతి ఇస్తారు. అర నిమిషంలో వాడి పిడికిట్లో నుంచి బంతి తీసుకో అని రెండోవాడికి చెప్తారు. అందరూ పిడికిలి విప్పను కలబడతారు, వేళ్ళు వంచుతారు, కిందపడి దొర్లుతారు. అయినాక పెద్దాయన అడుగుతాడు: బంతి ఇయ్యమని ఒక్కడైనా అడిగినారా? అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదా, ఒట్టి బంతే కదా అంటాడు రెండోవాడు. ఆ ఒక్క ఆటలో ఉంది సంగతంతా. ఈ పిల్లోళ్ళు చాలామంది చెడ్డవాళ్ళు కాదు. అడగొచ్చు అనే ఆలోచన వచ్చేలోపే చెయ్యి లేచిపోతుంది. ఆ మధ్య ఒక్క క్షణం నిలబడడం నేర్పిస్తారు. చికాగో యూనివర్సిటీవాళ్ళు లాటరీ మాదిరి కొందర్ని ఇందులో చేర్చి, కొందర్ని చేర్చకుండా పోల్చి చూసినారు. 2017లో అచ్చయిన లెక్క ప్రకారం, అది నడిచినన్నాళ్ళు కొట్లాట మాదిరి హింస కేసుల్లో అరెస్టులు దాదాపు సగానికి తగ్గినాయి. నిలిపేసినాక ఆ తగ్గుదల నిలవలేదు. రెండూ చెప్పాల. మందు ఆపితే జ్వరం తిరిగొస్తుందని మందే వద్దంటామా?

ఇప్పుడు దొంగలందరినీ ఒకచోట చేరిస్తే అన్న మాట. ఇది చెప్పిన అన్నకి నేను చేతులెత్తి దండం పెడతాను, ఎందుకంటే ఆ భయం నిజమైనదే. 1939లో అమెరికాలోనే మసాచుసెట్సులో, చెడిపోతారేమో అనుకున్న పిల్లోళ్ళని వందల మందిని తీసుకోని, సగం మందికి ఏండ్ల తరబడి అన్ని సాయాలూ చేసినారు. చదువు చెప్పించినారు, వైద్యం చేయించినారు, వేసవి శిబిరాలకు పంపినారు. ముప్పై ఏండ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళందరినీ వెతికి చూస్తే, సాయం పొందినవాళ్ళే పొందనివాళ్ళ కంటే ఎక్కువ చెడి ఉన్నారు. ఇంకా తవ్వి చూస్తే, వేసవి శిబిరాలకు ఒకటికి రెండుసార్లు పోయినవాళ్ళ దగ్గరే ఆ చెడుపు కనబడింది. పెద్దల కన్ను లేకుండా పిల్లోళ్ళని గుంపుగా వదిలితే, చేసిన దొంగతనాలు గొప్పగా చెప్పుకుంటారు, పక్కవాడు నవ్వితే ఇంకోటి చేస్తారు.

అయితే దీనికి జవాబు హాలు ఇయ్యకపోవడమా? ఆలోచించండి. హాలు ఇయ్యకపోతే ఆ ఎనిమిది మంది శనివారం సాయంత్రం యాడ ఉంటారు? బస్టాండు వెనక ఉంటారు. అదీ గుంపే. అక్కడ పెద్దమనిషి ఉండడు, ఉంటే వీళ్ళ చేత పని చేయించుకునే పెద్దమనిషి ఉంటాడు. గుంపు ఎట్లాగూ ఉంటుంది. అందులో మనం ఉంటామా లేదా అన్నదే ప్రశ్న.

ఇంక భాష. ఆమెను నేను ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, ఆ పిల్లోళ్ళ ఇంటిమాట ఏమి అని. ఎనిమిది మందిలో అయిదుగురిది తెలుగు, ఒకరిది కన్నడం, ఇద్దరిది తమిళం. మాట్లాడించేది తమిళంలో. ఈ కాలం పిల్లోళ్ళకి నాకు మాదిరి తమిళం రాక కాదు. 2006 చట్టం తర్వాత అందరూ బడిలో తమిళం చదివినవాళ్ళే, నాకంటే బాగా మాట్లాడతారు. కానీ పోలీసు అడిగింది తమిళంలో, బోర్డు అడిగింది తమిళంలో. అదే భాషలో గుండ్రంగా కూర్చోబెట్టి అడిగితే, అదీ విచారణే అనుకుంటాడు పిల్లోడు. నేర్చుకున్న జవాబే చెప్తాడు. ఇంట్లో నాయన తాగొచ్చి అమ్మను కొట్టింది తెలుగులో జరిగింది. అవ్వ చనిపోయింది తెలుగులో. అది తెలుగులోనే బయటికి వస్తుంది. నేనేమీ తమిళానికి వ్యతిరేకిని కాను. నాకు అన్నం పెట్టింది ఆ చదువే. ఆ గుండ్రంలో తెలుగు తెలిసిన పెద్ద ఒకరుంటే, పిల్లోడు మాట దొరక్క ఆగినప్పుడు "మన మాటలో చెప్పు నాయనా" అనగలిగితే చాలు అంటున్నాను. మనం తెలుగు బడి కావాల, తెలుగు టీచర్లు కావాల అని ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినాం! భాష కవిసమ్మేళనానికేనా? ఏడ్చేవాడికి అక్కరలేదా?

తర్ఫీదు సంగతి ఎవరైనా అడుగుతారు. అది మన పని కాదు, ఆమె పని. పైగా నిమ్హాన్స్ మనకు గంటన్నర, రెండు గంటల దారి. ఆ ఆసుపత్రి చిరునామాలోనే హోసూరు రోడ్డు ఉంది. చట్టంతో చిక్కులో పడిన పిల్లలతో ఎట్ల మాట్లాడాల అని అక్కడి పిల్లల విభాగం వాళ్ళు పనిచేసి పుస్తకాలే తయారుచేసినారు. మనం డాక్టర్లం కావాల్సిన పనిలేదు. తలుపు తియ్యాల, కుర్చీలు వెయ్యాల, టీ ఇయ్యాల, అయినాక వాళ్ళని గుంపుగా వీధిలోకి వదలకుండా ఒక్కొక్కణ్ణి ఇంటిదాకా దించాల.

పోగొట్టుకున్నవాడి సంగతేమి అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. మా వీధిలో ఒకామె మెడలో గొలుసు తెంచుకోని పోయినారు. ఇప్పటికీ ఆమె సాయంత్రమైతే బయటికి రాదు. ఆ పిల్లోడి మీద జాలి పడమని ఆమెకు నేను చెప్పను. కానీ ఆమె భయాన్ని ఆ పిల్లోడు ఒక్కసారైనా కూర్చోని ఆలోచించాల. జైల్లో అది ఎవరూ అడగరు. ఈ గుండ్రంలో అడుగుతారు. ఇంక హత్య, అత్యాచారం మాదిరి పెద్ద కేసుల్లో పదహారు దాటినవాళ్ళకి చట్టంలో వేరే దారి ఉంది. మన హాలుకు వచ్చేది వాళ్ళు కాదు. ఫోను, బండి, గొలుసు, కొట్లాట. ఇవీ వీళ్ళ కేసులు.

ఇంకొక మాట, చెప్పక తప్పదు. ఓటు అయిన మర్నాడు మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక పిల్లోడి ఫోటో, వీధి పేరు పెట్టి, జాగ్రత్త అని ఎవరో పంపినారు. పేరు చెప్పను. దయచేసి తీసేయండి. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి, చిరునామా బయటపెట్టకూడదని అదే చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మనం వాళ్ళను నేరస్థులంటున్నాం, ఆ ఫోటోతో నేరం చేసింది మనం. అప్పీలు గడువో, నిబంధనల్లో చెప్పిన గడువో అయిపోయినాక ఆ కేసు కాగితాలు కూడా ఉంచకూడదని చట్టం చెప్తుంది, రేపు ఉద్యోగానికి అడ్డం రాకూడదని. కాగితం చించేస్తారు. ఫోన్లో ఫోటోను ఎవరు చించుతారు?

ఇంక నేను అడిగేది.

వచ్చే ఆదివారం కార్యవర్గం మళ్ళీ కూర్చుంటుంది. ఆ తీర్మానాన్ని తిరిగి పెట్టమని కార్యదర్శి తమ్ముడికి రాసిచ్చినాను. మొదట మూడు నెలలు ఇద్దాం, శనివారం రెండు గంటలు. డాన్సు క్లాసు ఆదివారం ఉదయమే కాబట్టి ఒకరికొకరు ఎదురుపడే పనే లేదు. బాడిగ వద్దు. ప్రతి వారం మనలో ఇద్దరు రిటైరైనవాళ్ళు అక్కడ ఉండాల. మొదటి నాలుగు వారాలు నేనుంటాను. ఇంకొకరు కావాల. సిప్‌కాట్‌లో వర్క్‌షాపు ఉన్నవాళ్ళు మనలో ముగ్గురు ఉన్నారు. పద్దెనిమిది నిండినాక ఒకణ్ణి పనిలో పెట్టుకుంటామని ఒక్క మాట ఇస్తే, ఆ పిల్లోడికి అది పది ఉపన్యాసాలతో సమానం. మూడు నెలలైనాక హాల్లో ఒక్క కుర్చీ విరిగినా, ఒక్క ఫిర్యాదు వచ్చినా, మొదట నన్నే అడగండి. జవాబు నేను చెప్తాను.

ఆ రోజు కాగితాన్ని చింపకుండా ఉన్నాను. ఈ తీర్మానాన్ని మార్చే వీలు ఇంకా ఉంది. ఆదివారం రండి. రాలేనివాళ్ళు ఇక్కడే అవును, కాదు రాయండి. కాదు అంటే ఎందుకో కూడా రాయండి, చదువుతాను.